రెండో దెబ్బ

మత్తెక్కిందా అని డాక్టరు అడిగితే ఎక్కిందనే చెప్పింది ఆమె. ఎక్కలేదు. సూది లోపలికి దిగడం, వెనకాలే దారం సర్రున రావడం, చర్మాన్ని ఎత్తిపట్టిన పటకారు చల్లదనం అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. అయినా ఇంకో మత్తు సూది వేసే దాకా ఆగడం కన్నా ఇలా తెలుస్తూ ఉండటమే నయమనిపించింది, నొప్పి ఆగితే ఆలోచన ఇంకో వైపు పోతుంది, అటు పోకూడదు. తల పక్కకు తిప్పి పడుకోబెట్టారు. కుడి చెంప బల్ల మీది రెక్సినుకు అతుక్కుపోయింది, కుడి చెవి చిన్న దిండులో కూరుకుపోయింది, అందుకని గదిలో మాటలు నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు వస్తున్నాయి. ఎడమ చెవి పనిచేయదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పలేదు, పదమూడో ఏట నుంచి ఈ నలభై ఆరో ఏడు దాకా ఎవరికీ చెప్పలేదు, ఆ చెవి సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతే ఇవాళ మధ్యాహ్నం రెండున్నరకు, బడి బోర్డు మీటింగులో, ఆ చెవి వైపు నుంచే వచ్చి, ఫైళ్ళకు బెజ్జాలు వేసే ఇనప పంచింగు మిషను ఎత్తి ఆమె తల మీద కొట్టింది. చెల్లెలు. ఒక కడుపున పుట్టిన చెల్లెలు.

కదలకండమ్మా అన్నాడు డాక్టరు, ఆమె కదల్లేదు, కదిలింది అతని చెయ్యే. చిన్నవాడు, చదువు ముగించి ఏడాది కూడా అయి ఉండదు, అంచుకు మరీ దగ్గరగా పొడుస్తున్నాడు, అలా పొడిస్తే రేపు వాపు ఎక్కగానే చీరుకుపోతుంది నాయనా, ఇంకాస్త లోపలి నుంచి తియ్యి అని చెప్పబోయి పళ్ళు బిగించుకుంది. ముప్పై మూడేళ్ళుగా మాంసం కొట్టు నడిపే మనిషికి చర్మం ఎక్కడ పట్టు ఇస్తుందో ఎక్కడ ఇవ్వదో ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమెను బోర్డుకు నిలబెట్టినప్పుడు వీధిలో వాళ్ళు వేసిన జోకే అది, మిగతా ఆరుగురూ కోతలు కోసేవాళ్ళేనమ్మా, కొయ్యడం తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలిగా అని. నవ్వింది అప్పుడు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి బడి బోర్డులో కూర్చోవడం చూసి మొద్దు మీది మాంసం కూడా నవ్వి ఉంటుంది. కానీ జోకు నిజమైంది. పైనుంచి వచ్చే గ్రాంటులో మూడో వంతు ఈ ఏడు రాదని కాగితం వచ్చిన రోజున మిగతావాళ్ళు మొహమొహాలు చూసుకుంటుంటే ఎక్కడ కొయ్యాలో చూపించింది తనే. ఆటల మాస్టారు. లైబ్రరీ అమ్మాయి. రెండో బస్సు. కత్తికి కీలు దొరకాలి, కీలు దొరికితే బలం అక్కర్లేదు, తనంతట తనే దిగుతుంది, ఎముక చిట్లదు, అనవసరంగా ఏదీ పాడవదు. అలా ఒక్కొక్కటీ కీలు చూసి కోసుకుంటూ వచ్చింది, భలే చూపమ్మా మీది అని మెచ్చుకున్నారు కూడా. ఆటల మాస్టారు మాత్రం మర్నాడు కొట్టు ముందుకొచ్చి నిలబడి, ఏమీ కొనకుండా, ఏమీ అనకుండా అరగంట ఆమె చేతులనే చూసి వెళ్ళిపోయాడు. చివరికి కీళ్ళు అయిపోయాయి. ఇక ఏది కోసినా ఎముకే.

మిగిలినవి రెండు, డబ్బు ఒకదానికే. చిన్న తరగతుల గదుల మీద పెద్ద బీము ఒకటి, వినపడని పిల్లల తరగతి ఒకటి. బీము పగులులో ఆమె తన వేలు పెట్టి చూసింది, రెండో కణుపు దాకా పోయింది. కిందటి నెల ఆటవిడుపులో స్లాబు పెచ్చు ఊడి బెంచీ మీద పడితే బెంచీ నడుం విరిగింది, నాలుగు నిమిషాల ముందు ఆ బెంచీ మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. వానలకు ముందే బాగుచేయిస్తారా, లేక గదులకు తాళం వేసి నూట నలభై మందిని ఇంటికి పంపిస్తారా అని ఇంజనీరు రాసిచ్చాడు. అటు వినపడని పిల్లలు ఎనిమిది మంది, వాళ్ళకు సైగల టీచరు ఒకరు, ఆయా ఒకరు. నూట నలభై, ఎనిమిది. ఎవరైనా చెప్పగలరు. ఎనిమిది మందిలో ఒకతె చెల్లెలి కూతురు కాకపోతే ఎవరైనా చెప్పగలరు. సూది మళ్ళీ దిగింది, ఈసారి కణత దాకా మెరుపులా పాకింది, బల్ల అంచు పట్టుకుంది, ఆ పట్టుకున్న కుడి చెయ్యి వేళ్ళ సందుల్లో ఏదో చుట్టుకుని ఉంది, దారమేమో అనుకుంది, చూడలేదు.

ఆ పిల్ల నాలుగేళ్ళప్పుడు ఎలా ఉండేదో బోర్డులో ఎవరికీ తెలియదు. కొరికేది. చెల్లెలి రెండు ముంజేతుల మీదా గాట్లు, పాతవి తెల్లగా, కొత్తవి నీలంగా, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టే వేసుకునేది. గోడకేసి తల బాదుకునేది పిల్ల, దబదబా, పక్క వాటా వాళ్ళు ఏదో దంచుతున్నారనుకునేవాళ్ళు, ఒకసారి నుదురు చిట్లి గోడ మీద గుండ్రంగా అచ్చు పడింది, ఎన్నిసార్లు సున్నం వేసినా లోపలి నుంచి పైకి తేలేది. మొగుడు ఆ చప్పుడు భరించలేక పనికని వెళ్ళి తిరిగి రాలేదు. చెల్లెలు పిల్లను మంచం కోడుకు చున్నీతో కట్టేసి పనికి పోయిన రోజులున్నాయి. ఒకరోజు కొట్టు మూసే వేళకు వచ్చి, మొద్దు పక్కన నిలబడి, నేల చూస్తూ, దీన్ని ఎత్తుకుని మేడ మీద నీళ్ళ ట్యాంకు అంచు దాకా వెళ్ళి తిరిగొచ్చానక్కా అని చెప్పింది. ఎందుకు వెళ్ళావని ఆమె అడగలేదు. ఎందుకు తిరిగొచ్చావని అడగాలనిపించింది ఒక్క క్షణం, ఆ క్షణాన్ని తనకు తను ఎప్పుడూ క్షమించుకోలేదు. తర్వాత ఆ సైగల టీచరు వచ్చింది. మూడు నెలలు పిల్ల ఆవిడను కూడా కొరికింది. మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం తనంతట తనే ఒక సైగ చేసింది, నొప్పి అని. నొప్పి అని చేసి వేలు నోట్లో పెట్టి చూపించింది. లోపల దవడ పన్ను పుచ్చి చీము పట్టి ఉంది. ఎన్నాళ్ళ నుంచో. తల గోడకు బాదుకున్నది అందుకు. తల్లికి తెలియదు, పెద్దమ్మకు తెలియదు, ఆ పన్ను ఒక్కటే ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి అరిచింది, వినపడింది ఎవరికీ లేదు. పన్ను పీకించిన తర్వాత పిల్ల మళ్ళీ ఎవరినీ కొరకలేదు. మాటలు వచ్చాయి, చేతుల నిండా మాటలే, నిద్రలో కూడా వేళ్ళు ఆడిస్తుందని చెల్లెలు నవ్వుతూ చెప్పేది. పెద్దమ్మకు కూడా ఒక సైగ పెట్టింది. ఒక అరచేతిని చాచి, రెండో చేతి అంచుతో దాన్ని నరకడం. పెద్దమ్మ అంటే అది.

ఇవాళ మీటింగులో గోడ పొడుగునా నిలబడ్డ తల్లిదండ్రుల మధ్య చెల్లెలు పిల్లతో చేతులతో మాట్లాడుతూనే ఉంది, లోపల జరిగేదంతా ఎప్పటికప్పుడు చెప్తూ. చేతులెత్తే ఓటు. బీముకే పెడదామనే వాళ్ళు ఎత్తండి అన్నాడు చైర్మను, మందుల షాపు ఓనరు. మూడు చేతులు లేచాయి. ముగ్గురు ఎత్తలేదు. ఏడో కుర్చీ ఆమెది, గోడ పక్కది, చెవిటి వైపు గోడకు ఉంటుందని ఎప్పుడూ అక్కడే కూర్చునేది. చెయ్యి దానంతట అదే లేచింది అని తర్వాత ఎవరో అంటే బాగుండుననిపించింది కానీ అది అబద్ధం, లేపింది తనే, తూకం వేసినట్టు వేసి, ముల్లు ఎటు మొగ్గిందో చూసి లేపింది. నాలుగో చెయ్యి. అప్పుడు తిరిగి చూస్తే, గోడ దగ్గర పిల్ల తల్లిని చేతులతో ఏదో అడుగుతోంది, తల్లి జవాబు చెప్తోంది, అరచెయ్యి మీద రెండో చెయ్యి అంచు. తీసేశారు అని చెప్తోందో, పెద్దమ్మ అని చెప్తోందో. పిల్ల మెల్లగా తల తిప్పి ఇటు చూసింది.

ఐదోది అయిపోయిందమ్మా, ఇంకో ఐదారు పడతాయి అంటున్నాడు డాక్టరు. సరేనన్నట్టు కనురెప్పలు ఆడించింది. నెత్తురు చెవిలోకి జారి గడ్డకట్టినట్టుంది, దురదగా ఉంది, ఏమీ వినిపించని చెవికి దురద మాత్రం ఉంది. నిన్న కూడా చెల్లెలు ఇటు వైపుకు రాలేదు, ఎప్పుడూ రాదు, చిన్నప్పటి నుంచి అక్క కుడి పక్కనే నడిచింది, కుడి పక్కనే పడుకుంది, ఎవరైనా ఎడమ వైపు నుంచి పలకరిస్తే అక్కకు తెలియకుండా గిల్లి చూపించేది. నిన్న సాయంత్రం కొట్టుకొచ్చి కుడి పక్కనే నిలబడి అడిగింది. బతిమాలలేదు. వేడినీళ్ళతో మొద్దు కడుగుతూ ఉంది తను, తల ఎత్తలేదు.

"నా చదువుకి చెవి ఇచ్చావక్కా. నా పిల్ల చదువుకి చెయ్యి దించుకుని కూర్చోలేవా?"

చూద్దాం అంది తను. చూద్దాం. అప్పులవాడికి చెప్పే మాట, పెళ్ళి ఇష్టం లేని ఇంటివాళ్ళు పెళ్ళిళ్ళ పేరయ్యకు చెప్పే మాట, ఈ మాటకు అర్థం లేదని అందరికీ తెలుసు, చెల్లెలికి మాత్రం తెలియదు, అక్క నోట్లోంచి వచ్చింది కాబట్టి. దాని మొహం విప్పారింది. వెళ్తూ వెళ్తూ నీళ్ళ బొక్కెన తనే ఎత్తి పారబోసి వెళ్ళింది. లేదు అని చెప్పి ఉంటే? అక్కడే, కొట్లో, కత్తుల మధ్య అరిచి తిట్టి ఏడ్చి పోయేది, తిడితే పోయేదేముంది, ఇద్దరూ రెండు నెలలు మాట్లాడుకునేవాళ్ళు కాదు, ఇవాళ గోడ దగ్గర ముందే రాయిలా నిలబడేది. ఆశ పెట్టి కొట్టింది తను. ముందు కొట్టింది తనే, అందరి ముందూ, చెయ్యి పైకెత్తి.

చెవి ఇచ్చిన రోజు కూడా ఇలాంటి మధ్యాహ్నమే. నాన్న బెల్టుతో కొట్టేవాడు, కత్తి నూరే కడ్డీతో కొట్టేవాడు, ఏదీ దొరక్కపోతే చేత్తో, చెయ్యే అన్నిటికన్నా బరువు. కొట్టాక నీళ్ళు తాగి, చెయ్యి జారింది అనేవాడు. జారింది, ఎప్పుడూ జారడమే, జీవితంలో ఒక్కసారి కూడా కొట్టాను అనలేదు ఆ మనిషి. అమ్మ పోయాక కొట్లో ఇంకో మనిషి కావాలని చిన్నదాన్ని బడి మాన్పిస్తానన్నాడు. దానికి ఎనిమిదేళ్ళు. మొద్దు కింద ముడుచుకుని కూర్చుంది, పుస్తకాల సంచీ పొట్టకు అదుముకుని. తను కొట్టు గుమ్మంలో అడ్డం నిలబడింది, రెండు చేతులా ద్వారబంధం పట్టుకుని, దాన్ని పోనీ, ఇద్దరి పనీ నేనే చేస్తాను అంది. చేత్తోనే కొట్టాడు. లోపల ఏదో పళ్ళెం పగిలినట్టయి, ఆ తర్వాత ఆ వైపు లోకం మూసుకుపోయింది. మర్నాడు బడిలో పేరు తీయించుకోవడానికి వెళ్తే మాస్టారు చెవి చూసి ఏమైందన్నాడు. పడ్డాను అంది. మెట్ల మీద పడ్డాను, నీళ్ళ పంపు దగ్గర పడ్డాను, తలుపు తగిలింది. చెల్లెలికి కూడా నేర్పింది తనే, ఎవరడిగినా పడ్డానని చెప్పు, మొహం ఇలా పెట్టు, ఎక్కువ చెప్పకు. ఇద్దరూ అన్ని సార్లు పడ్డారంటే ఆ ఇంట్లో నేలే లేదనుకోవాలి ఎవరైనా.

తెర జరిగింది. చైర్మను లోపలికొచ్చి నిలబడ్డాడు, అందరిలాగే ఎడమ వైపున, ఏదో మాట్లాడుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. ఈ వైపుకు రండి అంది ఆమె. పాపం, చొక్కా నిండా ఆమె నెత్తురే, మీటింగులో తన కండువా తీసి గాయం మీద అదిమిపట్టింది ఆయనే. దిండులో కూరుకున్న చెవికి దగ్గరగా వంగి, నెమ్మదిగా, బయట కానిస్టేబులు కూర్చుందని చెప్పాడు. చెల్లెలి పేరు చెప్పనక్కర్లేదట, గుర్తు తెలియని వాళ్ళు అంటే చాలునట, లోపలున్న అందరం అదే మాట మీద ఉంటాం, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది, మీరూ బోర్డులో ఉంటారు. ఒక్కటే, ఇకపై మీటింగులకు జనాన్ని రానివ్వొద్దు, పోలీసు రక్షణ అడుగుదాం, ఇంతమంది మధ్యలో కూర్చుని ఎవరం ఏ నిర్ణయం తీసుకోగలం చెప్పండి అన్నాడు. తప్పు మాట కాదు. భయపడ్డ మనిషి మాట. ఆలోచిస్తే అందరికీ సుఖమే, చెల్లెలికి కేసు ఉండదు, తనకు పరువు ఉంటుంది, తల్లిదండ్రులు మాత్రం ఇక గేటు బయట ఎండలో నిలబడి, లోపల ఏం కోశారో చీటీ మీద చదువుకుంటారు. మీ చేతికి ఏమైందమ్మా అన్నాడు డాక్టరు అప్పుడు. చైర్మను చటుక్కున తెర అవతలికి వెళ్ళిపోయాడు.

కుడి ముంజేతి మీద, మణికట్టుకు జానెడు పైన, రెండు వంకీలు. కింది వరస పళ్ళు, పై వరస పళ్ళు. పై వరసలో ఒక చోట ఖాళీ, పాల పన్ను ఊడి కొత్తది ఇంకా రాని చోటు. కుక్క కరిచింది కాదు కదా, సూది మందు వెయ్యాలి అంటున్నాడు. కాదు అంది. చిన్న నోరు అంది. వేళ్ళ సందుల్లో చుట్టుకున్నది దారం కాదు. జుట్టు. పొడుగుది, కొస దగ్గర ఎర్రబారినది, చెల్లెలు ఎప్పుడూ నూనె పెట్టదు, పెట్టమని చెప్పీ చెప్పీ విసిగిపోయింది తను. ఇంక ఆపడానికి ఏమీ మిగల్లేదు, నొప్పి చాల్లేదు, వచ్చేసింది అంతా.

దెబ్బ తగిలాక పడిపోలేదు ఆమె. అందరూ పడిపోయిందనే చెప్తున్నారు, చైర్మను కూడా అదే చెప్తాడు. పడిపోలేదు. కళ్ళలోకి వెచ్చగా దిగింది, గది ఎర్రబడింది, లేచి నిలబడింది, తిరిగింది, ఎదురుగా ఒక మొహం, చెల్లెలిది, పళ్ళు బయటపెట్టి, మిషను మళ్ళీ ఎత్తుతూ, ఆ ముక్కు, ఆ నుదుటి నరం, నాన్న అచ్చు దిగిపోయినట్టు. కుడి చేత్తో ఆ జుట్టు పట్టింది. పట్టి బల్ల అంచుకు కొట్టింది. అది కోపం, అది ఎవరైనా చేస్తారు, అది నాన్న మొహానికి ముప్పై మూడేళ్ళుగా బాకీ ఉన్న దెబ్బ అనుకున్నా అనుకోవచ్చు. మిషను కింద పడింది. చెల్లెలి మోకాళ్ళు వంగాయి. అక్క అంది. అక్కా అని కూడా కాదు, సగంలో తెగిన మాట, అది వినపడింది, కుడి చెవికి, స్పష్టంగా వినపడింది. అయిపోయింది అక్కడికి. అక్కడ వదిలేయాల్సింది. వదల్లేదు. పట్టు జారుతోందని వేళ్ళు విప్పి, జుట్టును ఇంకో మెలిక చుట్టి, కుదుళ్ళ దగ్గరగా సర్దుకుని పట్టింది. మొద్దు మీద ముక్క జారితే ఎలా సర్దుకుంటుందో అలా. దవడ ఎముక బల్ల అంచుకు ఎక్కడ తగిలితే పని అవుతుందో చూసుకుంది. చూసుకుని కొట్టింది. మొదటిది కోపం. రెండోది పని. ఆ రెంటి మధ్య ఊపిరి పీల్చి వదిలేంత సమయం ఉంది, ఆ సమయంలో ఆమెకు అంతా తెలుసు, ఎవరిని కొడుతోందో, ఎందుకో, ఎంత బలంగానో. ఎముక చిట్లిన చప్పుడు చేతికి తెలిసింది, రోజుకు నూరుసార్లు తెలిసేదే. అప్పుడు చేతిని ఏదో పట్టుకుంది, చూస్తే పిల్ల, రెండేళ్ళ నాలుగు నెలల తర్వాత, కళ్ళు మూసుకుని, పళ్ళు మాంసంలో దింపి.

పదకొండు అన్నాడు డాక్టరు, కత్తెరతో దారం తెంపి. ఆమెను లేపి కూర్చోబెట్టి కట్టు కడుతున్న నర్సును అడిగింది, ఇంకో ఆమెను తెచ్చారా అని. బడి వ్యానులో తెచ్చారట, ఆడవాళ్ళ వార్డులో ఉందట, దవడ వాచిపోయి ఉందట, రెండుసార్లు వాంతి చేసుకుందట, తలకు స్కానింగు తీయడానికి తీసుకెళ్ళారట. తల దెబ్బకు వాంతి మంచిది కాదని ఆమెకు తెలుసు. నర్సు ఇంకేదో చెప్తోంది, తడి చేయకూడదు, వారానికి రావాలి, ఆమెకు మాత్రం రాబోయేదంతా ముందే జరిగిపోతోంది, స్ట్రెచరు, మొహం మీదికి లాగిన దుప్పటి, పిల్లను ఎవరో పక్కకు లాక్కెళ్ళడం, పిల్ల ఎవరికి ఏం చెప్పాలో తెలియక చేతులు గాల్లో ఆడించడం, ఆ చేతులు చదవగలిగిన ఒక్క టీచరునూ ఇవాళే పంపించేశాం కదా, మనమే కదా, నలుగురం. దాని జుట్టు వేళ్ళ నుంచి తీసి పారేయబోయి, పారేయలేక, గుప్పిట మూసింది. గోడ మీద గడియారం పావు తక్కువ నాలుగు చూపిస్తోంది. పది నిమిషాలు అలా చూస్తూనే ఉంది. ముల్లు కదలడం కనపడే దాకా చూసింది. అప్పుడు నర్సు తిరిగొచ్చి, స్కానింగులో లోపలేమీ లేదంట, దవడ చిట్లింది, రెండు పళ్ళు పోయాయి, ప్రాణానికి భయం లేదు అని చెప్పి, అదేంటమ్మా ఇప్పుడు ఏడుస్తున్నావ్, ఇందాకంతా గుండ్రాయిలా పడుకున్నావ్ అంది.

కానిస్టేబులు వచ్చి బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులున్నట్టు కూర్చుంది, పెన్ను రాయకపోతే డాక్టరు జేబులోంచి అడక్కుండానే తీసుకుంది. ఆవిడ పడ్డానని చెప్తోంది అంది. మాట రావడం లేదు ఆవిడకు, అయినా ఆ ఒక్క మాట మాత్రం రాసి చూపించింది, పడ్డాను, అంతే, ఇంకేం అడిగినా తల అడ్డంగా ఊపుతోంది. ఇక మీరు కూడా పడ్డానంటే నేను ఆ గది నేల మీద కేసు రాసుకోవాలి అంది, నవ్వలేదు. ఆమెకు మొద్దు కింద ముడుచుకున్న పిల్ల కనపడింది, మొహం ఇలా పెట్టు, ఎక్కువ చెప్పకు. ఎంత బాగా నేర్చుకుందది. నోరు తెరిస్తే అదే మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది, పడ్డాను, ఎంత తేలిక, చైర్మను మాట కన్నా తేలిక. చెయ్యి జారింది అన్నా చాలు.

"అది పడలేదు. నేను కొట్టాను," అంది ఆమె. "రెండు దెబ్బలు. మొదటిది ఒళ్ళు తెలియక. రెండోది తెలిసే. తెలిసే అని రాయండి."

కానిస్టేబులు పెన్ను ఆపి చూసింది. మరి మీ తల? అంది.

"దాని మాట అది చెప్తుంది. నా మాట నేను చెప్తున్నా."

అలా కుదరదమ్మా అని చెప్పింది కానిస్టేబులు, చాలాసేపు, ఓపిగ్గానే చెప్పింది. రాస్తే కేసవుతుంది, కేసయితే ఆ బోర్డు కుర్చీలో తేలే దాకా కూర్చోనివ్వరు, కొట్టుకు కూడా ఇబ్బంది, అక్కాచెల్లెళ్ళు ఇంట్లో కూర్చుని తేల్చుకునేది స్టేషను దాకా ఎందుకు. ఆమె వింది. రాయండి అంది. తెర అవతల చైర్మను బూట్లు అటూ ఇటూ రెండడుగులు వేసి, ఆగి, వరండా వైపు వెళ్ళిపోవడం కుడి చెవికి వినిపించింది. గుర్తు తెలియని వాళ్ళెవరూ ఇక లేరు, ఇద్దరు అక్కాచెల్లెళ్ళు మాత్రమే ఉన్నారు, వాళ్ళను చూపించి ఊరి జనానికి తలుపులు మూయడం ఆయన వల్ల కాదు. సంతకం పెడుతుంటే చేతి మీది గాట్లలోంచి సన్నగా నెత్తురు కాగితం మీద పడింది, కానిస్టేబులు చీకాకుపడి దూదితో అద్దింది.

ఆడవాళ్ళ వార్డు వరండా చివర. గోడ పట్టుకుని నడిచింది. ఎనిమిది మంచాల్లో ఏడు ఖాళీ, కిటికీ పక్క మంచం మీద చెల్లెలు దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది, మొహం సగం మనిషిది కాదు, నల్లగా ఉబ్బి కన్ను మూసుకుపోయింది. తను చేసింది అది. కళ్ళు తిప్పుకోలేదు, చూడాల్సినంతా చూసింది. మంచం మీద తల్లి కాళ్ళకు అడ్డంగా పిల్ల కూర్చుని ఉంది, ఇనప కమ్మీ పట్టుకుని. ఆమెను చూడగానే పిల్ల గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది, చిన్నప్పటి చప్పుడు, రెండేళ్ళుగా ఎవరూ వినని చప్పుడు, పెదాలు పళ్ళ మీద నుంచి వెనక్కి పోయాయి. ఇంకో అడుగు వేస్తే దూకుతుంది. ఆమె అడుగు వేయలేదు. గుమ్మానికి ఇవతల, చేతికందని దూరంలో, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కుట్లు లాగాయి.

చెల్లెలు ఒంటి కన్నుతో ఆమె తల కట్టు చూసింది. దవడ కదపకుండా, పెదాల సందులోంచి, మాటలు నమిలినట్టు మాట్లాడింది.

"ఓటు వెనక్కి తీసుకుంటావా?"

"తీసుకోను. ఆ బీము పడుతుంది."

"మరెందుకొచ్చావ్?"

"రెండోసారి తెలిసే కొట్టానే. పోలీసావిడకి చెప్పా. నీకూ చెప్దామని."

చెల్లెలు పక్కనున్న పళ్ళెంలోకి ఎర్రగా ఉమ్మింది. తుడుచుకుంది. తెలుసు, జుట్టు సర్దుకుని పట్టుకున్నావుగా అంది. తర్వాత కిటికీ వైపు చూస్తూ, నేనూ ఆ చెవి వైపు నుంచే వచ్చాను, తెలిసే వచ్చాను అంది. ఇంక అనడానికి ఏముంది, బీము పగులు అలాగే ఉంది, తరగతి గది సోమవారం నుంచి ఉండదు, పిల్ల ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియదు, అది ఈ నేల మీద కూర్చుంటే తేలేది కాదు. ఒకసారి ద్వేషం వచ్చింది ఆమెకు, మళ్ళీ లేచి ఆ వాచిన మొహాన్ని ఇంకోసారి కొట్టాలన్నంత ద్వేషం, ఎందుకు నాతో ఈ పని చేయించావే అని. వచ్చి, కాసేపు ఉండి, పోయింది. అవతలి మంచం మీదా అదే వచ్చి పోతోందని కన్ను చూస్తే తెలుస్తోంది.

నీళ్ళు అంది చెల్లెలు, ఎవరితోనూ కాదన్నట్టు.

మూలన మంచినీళ్ళ కుండీ ఉంది, గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు ఒకటి, విడి గ్లాసు ఒకటి. ఆమె గోడ పట్టుకుని లేచి, విడి గ్లాసు నింపి, మంచం వైపు రెండడుగులు వేసింది. పిల్ల కమ్మీ వదిలి నిలబడింది. ఆమె ఆగి, గ్లాసును నేల మీద పెట్టి, చెయ్యి చాపగలిగినంత దూరం ముందుకు జరిపి, వెనక్కి వచ్చి తన చోట కూర్చుంది. పిల్ల దిగింది. కళ్ళు ఆమె మీద నుంచి తీయకుండా వచ్చి, గ్లాసు ఎత్తి, వాసన చూసి, ముందు తను సగం గడగడా తాగింది. మధ్యాహ్నం నుంచి దానికి ఎవరూ ఏమీ ఇచ్చి ఉండరు. మిగతా సగం తీసుకెళ్ళి, తల్లి పెదాలకు పెట్టి, ఒలికింది గౌనుతో తుడిచి, తాగడం అయ్యే దాకా పట్టుకుంది. ఖాళీ గ్లాసు తెచ్చి, ఇందాకటి చోటే నేల మీద పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఆమె చెయ్యి చాపలేదు, కదల్లేదు. పిల్ల కాసేపు చూసింది. చూసి, ముందుకొచ్చి, కాలి బొటనవేలితో గ్లాసును ఆమె వైపు నెట్టింది.

ఆమె గ్లాసు అందుకుని, లేచి, మళ్ళీ నీళ్ళు పట్టడానికి కుండీ దగ్గరికి వెళ్ళింది.